కలవావోలో దామియన్ గురువు: రోగుల మధ్య గురుసేవపై ఒక కేస్ స్టడీ

గురువిద్యార్థులకు రోగుల సేవలో శిక్షణ ఇచ్చేవారెవరైనా ఎప్పుడో ఒకప్పుడు హవాయి దీవుల్లోని మొలొకైలో సేవచేసిన కథోలిక గురువు దామియన్ జీవితాన్ని పాఠంగా ఎత్తుకోక తప్పదు. అయితే ఆ జీవితాన్ని మనం ప్రసంగాల్లో సాధారణంగా చివరి నుంచి మొదటికి చదువుతూ ఉంటాం. కుష్ఠురోగుల మధ్య పనిచేసి, అదే వ్యాధితో మరణించాడు కనుక మహనీయుడు అని చెప్పి ముగిస్తాం. అలా చదివితే ఆయన చేసిన రోజువారీ పని కనబడదు. ఆ పనిని నేర్చుకోవలసిన యువ గురువులకు చేతికి ఏమీ అందదు. అందుకే ఈ అధ్యయనంలో 1873 మే నుంచి 1884 చివరి వరకు, అంటే వ్యాధి బయటపడక మునుపటి కాలానికి నేను ఎక్కువ చోటు ఇస్తున్నాను. అక్కడి ప్రజల ప్రేమను ఆయన సంపాదించుకున్నది ఆ సంవత్సరాల్లోనే. ఆయనను లోపలి నుంచి అరగదీసిన ఒంటరితనం పెరిగినదీ ఆ సంవత్సరాల్లోనే. ఈ రెండింటినీ విడదీయకుండా చూడాలన్నది నా ఉద్దేశం.

స్థలం, చట్టం

హవాయి రాజ్యంలో 1865 జనవరి 3న ఐదవ కమెహమెహా రాజు ఆమోదించిన చట్టం, కుష్ఠు ఉన్నట్టు తేలినవారిని తక్కిన ప్రజల నుంచి వేరుచేసి ఉంచే అధికారాన్ని ఆరోగ్య మండలికి ఇచ్చింది. 1866 జనవరి 6న తొలి జట్టు రోగులను మొలొకై ద్వీపం ఉత్తర తీరాన కలవావో దగ్గర దించారు. ఆ ద్వీపకల్పానికి మూడు వైపులా సముద్రం ఉంది. నాలుగో వైపు 2000 అడుగులకు పైగా నిటారుగా లేచిన కొండగోడ ఉంది. రోగులు అక్కడ వ్యవసాయం చేసుకుని తమ తిండి తామే సంపాదించుకుంటారని అధికారులు తలపోశారు. వ్యాధి ముదిరి వేళ్ళు పోయినవారు, కంటిచూపు పోయినవారు, భార్యాబిడ్డల నుంచి విడదీసి తెచ్చినవారు ఆ పని ఎలా చేస్తారన్నది ఎవరూ ఆలోచించినట్టు లేదు. సరైన ఇళ్ళు లేవు, అక్కడే నివసించే వైద్యుడు లేడు, తాగునీరు దూరం నుంచి మోసుకురావాలి.

ఇక్కడ ఒక దిద్దుబాటు అవసరం. దామియన్ వచ్చేసరికి కలవావోలో విశ్వాసమూ లేదు, మానవత్వమూ లేదు, అన్నీ ఆయనే తెచ్చాడు అన్నట్టుగా కొన్ని జీవిత చరిత్రలు రాస్తాయి. అది నిజం కాదు. ప్రొటెస్టెంట్ రోగులు 1866లోనే సిలోయామ అనే సంఘాన్ని తమంతట తామే స్థాపించుకున్నారు. 1872 నాటికి కథోలికులకు పునీత ఫిలోమినమ్మ పేరిట ఒక చిన్న దేవాలయం లేచింది. రోగులైన భర్తనో భార్యనో విడిచిపెట్టలేక వారితో పాటు ప్రవాసానికి వచ్చి, పక్కనే ఉండి సేవ చేసిన ఆరోగ్యవంతులు ఉన్నారు. వీరిని హవాయి భాషలో కోకువా అంటారు. భార్య కోసం అలా వచ్చిన మోర్మన్ మతశాఖ పెద్ద జోనతన్ నపెలా దామియన్‌కు మంచి స్నేహితుడయ్యాడు. కాబట్టి ఒక గురువు ఒంటరిగా శూన్యంలోకి నడిచి వెళ్ళిన కథ కాదిది. బాధపడుతూ కూడా ఒకరినొకరు ఆదుకుంటున్న ఒక సమాజంలోకి ఆయన ప్రవేశించాడు, దానికి తన చేతులు కలిపాడు.

ఎలాంటి మనిషి వెళ్ళాడు

యోసేఫ్ దె వూస్తర్ 1840 జనవరి 3న బెల్జియంలోని త్రెమెలో గ్రామంలో ధాన్యం వ్యాపారం, వ్యవసాయం చేసుకునే కుటుంబంలో ఏడవ సంతానంగా పుట్టాడు. యేసు మరియల తిరుహృదయాల సభ అనే సన్యాస సంస్థలో అన్న పాంఫిల్ అప్పటికే ఉన్నాడు. తమ్ముడు 1859లో లువెన్‌లో అదే సభలో చేరి దామియన్ అనే పేరు తీసుకున్నాడు. హవాయి వెళ్ళవలసినది నిజానికి అన్న. 1863లో ఆయనకు టైఫస్ జ్వరం రావడంతో, ఇంకా గురుపట్టం కూడా పొందని తమ్ముడు స్థానిక పెద్దలను దాటి నేరుగా సభాధిపతికే జాబు రాసి ఆ చోటును అడిగి తీసుకున్నాడు. ఆ చొరవను గుర్తుపెట్టుకోవాలి. ఆయన బలానికీ, తరువాత పెద్దలతో వచ్చిన ఇబ్బందులకూ మూలం అక్కడే ఉంది.

1864 మార్చి 19న హొనొలులులో దిగి, మే 21న అక్కడి ప్రధాన దేవాలయంలో గురుపట్టాభిషేకం పొందాడు. ఆ తరువాత తొమ్మిదేళ్ళు హవాయి అనే పేరున్న పెద్ద ద్వీపంలో, మొదట పూనా విచారణలో (గురువు పాలనలోని ప్రాంతంలో), తరువాత కోహాలా, హమాకువా ప్రాంతంలో పనిచేశాడు. గుర్రం మీదా, కాలినడకనా కొండలూ లోయలూ దాటి తిరిగి, ప్రజల భాష నేర్చుకుని, వారితో కలిసి కలప మోసి చిన్న చిన్న గుడులు కట్టాడు. రైతుబిడ్డ చేతులకు వడ్రంగం అబ్బింది. మొలొకైలో ఆయన ఒక్కసారిగా వీరుడైనట్టు అనిపించడానికి కారణం ఈ తొమ్మిదేళ్ళను మనం తొందరగా దాటిపోవడమే.

1873 మే 10

ఆ సంవత్సరం మే మొదటి వారంలో, మావి ద్వీపంలోని వైలుకులో దేవాలయ ప్రతిష్ఠకు చేరిన గురువుల ఎదుట లూయి మెగ్రే పీఠాధిపతి కలవావో కథోలికుల మొర వినిపించారు. పోయేవారికి మళ్ళీ రావడం కుదరకపోవచ్చు కనుక ఎవరినీ ఆజ్ఞతో పంపనని ఆయన అన్నప్పుడు నలుగురు యువ గురువులు వంతులవారీగా వెళ్ళడానికి ముందుకు వచ్చారు. తొలి వంతు దామియన్‌ది. పశువులనూ కొత్త రోగులనూ మోసుకెళ్తున్న ఓడలో పీఠాధిపతులే స్వయంగా వెంట వచ్చి ఆయనను అక్కడ దించి వెళ్ళారు. నివాసం లేనందున తొలి వారాల్లో ఆయన దేవాలయం పక్కనున్న మొగలి జాతి చెట్టు కిందే నిద్రపోయాడు. కొద్ది రోజులకే అక్కడే ఉండిపోనివ్వమని పెద్దలకు రాశాడు. వంతుల ఏర్పాటు అంతటితో మరుగున పడింది.

ఆ ఏర్పాటు అలా వీగిపోవడాన్ని మనం సాధారణంగా ఆయన త్యాగానికి నిదర్శనంగా చెప్పుకుంటాం. శిక్షకుడిగా నేను దీన్ని మరో వైపు నుంచి కూడా చూస్తాను. నలుగురు మోయవలసిన బరువును ఒక్కడు సంతోషంగా ఎత్తుకున్నప్పుడు సంస్థకు ఊపిరి తేలికపడుతుంది, తక్కిన ముగ్గురిని అడగవలసిన అవసరం తీరిపోతుంది. ఆ తేలికదనానికి మూల్యం ఎవరు చెల్లించారో తరువాతి సంవత్సరాలు చూపించాయి.

తాకడం అనే నిర్ణయం

1873లోనే నార్వేలో హాన్సెన్ అనే వైద్యుడు కుష్ఠుకు కారణమైన సూక్ష్మజీవిని గుర్తించాడు. కానీ ఆ ఎరుక కలవావో దాకా రావడానికి చాలా కాలం పట్టింది. వ్యాధి ఎలా సోకుతుందో ఎవరికీ స్పష్టంగా తెలియదు, మందు లేదు. రోగులను ముట్టుకోవద్దని చెప్పడమే ఆనాటి జాగ్రత్త. ఆ జాగ్రత్తను పాటిస్తూ గురుసేవ ఎలా చేయాలన్నది దామియన్ ముందున్న అసలు సమస్య. వ్యాధిగ్రస్తుల అభ్యంగనానికి రోగి ఒంటిని తైలంతో తాకాలి. దివ్యసత్ప్రసాదాన్ని నాలుక మీద ఉంచాలి. పాపసంకీర్తనం, అంటే రోగి తన పాపాలు ఒప్పుకోవడం, వినాలంటే రోగి నోటి దగ్గర చెవి పెట్టాలి. మన దివ్యసంస్కారాల్లో దూరం నుంచి జరిపేవి దాదాపు లేవు. ఆయన దీన్ని సిద్ధాంతంగా చర్చించలేదు, తాకాడు, అంతే. పుండ్లు కడిగి కట్లు కట్టాడు, వారి పాత్రలోని పోయ్ (చేమదుంప ముద్ద) వారితో కలిసి తిన్నాడు, తాను పొగ తాగే గొట్టాన్ని వారితో పంచుకున్నాడు.

ఇదంతా ఆయనకు సహజంగా వచ్చిందనుకోకూడదు. పుండ్ల వాసన తట్టుకోలేక గాలి కోసం బయటికి పోవలసి వచ్చేదనీ, ఆ వాసనను అణచడానికే పొగ తాగడం అలవాటు చేసుకున్నాననీ ఆయనే చెప్పుకున్నాడు. మొదటిసారి రోగి మంచం దగ్గర కడుపులో తిప్పి, తాము ఈ పిలుపుకు తగమేమోనని కుమిలిపోయే విద్యార్థులకు నేను ఈ విషయం తప్పక చెబుతాను. అసహ్యం కలగడం ప్రేమ లేకపోవడం కాదు. అది కలిగిన తరువాత మనిషి మంచం దగ్గరికి తిరిగి వస్తాడా లేదా అన్నదే చూడవలసినది.

ఆ సంవత్సరం నవంబరులో అన్నకు రాసిన జాబులో, క్రీస్తు కొరకు అందరినీ సంపాదించడానికి తాను కుష్ఠురోగులతో కుష్ఠురోగినయ్యాననీ, అందుకే ప్రసంగంలో ‘కుష్ఠురోగులమైన మనం’ అంటాననీ రాశాడు. అప్పటికి ఆయన ఆరోగ్యవంతుడు, వయసు ముప్ఫై మూడు. వ్యాధి సోకాక ఆ మాట మొదటిసారి అన్నాడన్న కథ చాలాచోట్ల వినిపిస్తుంది. అది అందమైన కథే కానీ, అసలు జరిగినది అంతకంటే గొప్పది. అనారోగ్యం తన మీద పడ్డాక రోగులతో కలవడంలో ఎంపిక లేదు. ఒళ్ళు బాగున్నప్పుడు వారిలో ఒకడిగా లెక్కపెట్టుకోవడం పూర్తిగా ఎంపికే.

తాకే దూరంలో ఉన్నవాడికి తక్కిన అవసరాలు వాటంతట అవే కనబడతాయి. ఆయన గురుసేవకూ ఇంజనీరింగుకూ మధ్య గీత ఎందుకు లేదో దీన్నిబట్టి అర్థమవుతుంది. పుండ్లు కడగడానికి నీళ్ళు కావాలి కనుక గొట్టాల కోసం ప్రభుత్వాన్ని వేధించి, నీటిని ఊరిదాకా రప్పించే పనిలో దిగాడు. 1874 ప్రాంతంలో వీచిన పెనుగాలి పాకలను కూల్చివేసినప్పుడు కలప తెప్పించి, రోగులతో కలిసి చెక్క ఇళ్ళు కట్టాడు. చనిపోయినవారిని గుడ్డలో చుట్టి లోతులేని గుంటల్లో పడేయడం చూడలేక శవపేటికలు తానే చేశాడు, సమాధులు తవ్వాడు, శ్మశానానికి కంచె వేశాడు. అంత్యక్రియల కోసం రోగులతోనే ఒక సంఘం ఏర్పరచాడు. దిక్కులేని పిల్లలకు వసతి గృహాలు నడిపాడు. గాయకబృందం, వాద్యబృందం తయారుచేశాడు. దివ్యసత్ప్రసాద ఆరాధనకు వంతులు వేశాడు. తన వంతుకు దేవాలయానికి రాలేనివారు పడక మీద నుంచే ఆ గంటను పాటించేవారు.

నా దృష్టిలో వీటిలో అన్నిటికంటే లోతైనది అంత్యక్రియల సంఘం. తాను చనిపోతే ఎవరు మోస్తారు, ఎవరు పాడతారు, ఎక్కడ పడుకోబెడతారు అన్న భయం మరణశయ్య మీద ఉన్న మనిషిని వ్యాధికంటే ఎక్కువగా పీడిస్తుంది. తన అన్న శవాన్ని గౌరవంగా సాగనంపిన ఊరు తనను కూడా అలాగే సాగనంపుతుందని తెలిసిన రోగి మిగిలిన రోజులు వేరుగా బతుకుతాడు. ఆ భరోసాను దామియన్ ప్రసంగంతో కాక, పలకలూ మేకులతో ఇచ్చాడు. పైగా ఆ పనిలో రోగులనే నిలబెట్టాడు కనుక, సేవ పొందేవారు సేవ చేసేవారయ్యారు.

1881లో రాజప్రతినిధిగా ఉన్న లిలియుఒకలాని రాకుమారి ఆ చోటును చూసి కదిలిపోయింది. ఆయనకు కలాకవా రాజపురస్కారం లభించింది. మెడలో ఆ పతకం వేసుకుని తిరగడానికి ఆయన పెద్దగా ఇష్టపడలేదని అంటారు.

పడవలో పాపసంకీర్తనం

ఈ కేసులో శిక్షణ ఇచ్చేవారు ఎక్కువసేపు ఆగవలసిన చోటు ఇదే. రోగుల మీద ఉన్న ఆంక్ష దామియన్ మీద కూడా పడింది. మొదటి సంవత్సరంలోనే, ద్వీపకల్పం దాటి రావద్దని ఆరోగ్య మండలి ఆయనను కట్టడి చేసింది. పాపసంకీర్తనం చేసుకోవడానికి ఆయనకు మరో గురువు దొరకని పరిస్థితి ఏర్పడింది. సభ పెద్ద మొదెస్త్ గురువు ఓడలో తీరం దగ్గరికి వచ్చినప్పుడు దిగనివ్వలేదు. దామియన్‌ను పైకి ఎక్కనివ్వలేదు. అప్పుడాయన చిన్న పడవలో నిలబడి, ఓడ అంచు మీద ఉన్న పెద్దకు వినబడేలా ఫ్రెంచి భాషలో గట్టిగా తన పాపాలు చెప్పుకుని క్షమాపణ పొందాడు.

దీన్ని ఆయన వినయానికి ఉదాహరణగా మాత్రమే చెప్పడం నాకు సరిపడదు. వందలమంది పాపసంకీర్తనాలు విని, వారి వేదనను రాత్రింబవళ్ళు మోస్తున్న మనిషికి తన మనసు విప్పే చోటు లేకుండా పోయింది. తరువాత ఆంక్ష కొంత సడలింది, ఇతర గురువులు వచ్చారు కూడా. 1874లో ఆంద్రె బుర్గెర్మన్ గురువు, 1881లో ఆల్బెర్ మోంతితోన్ గురువు మొలొకై చేరారు. ఇద్దరితోనూ ఆయనకు పొసగలేదు. పని విషయంలో పట్టుదల, త్వరగా వచ్చే కోపం, అంతా తన చేతి మీదుగా జరగాలనే స్వభావం ఆయనకు ఉన్నాయని దగ్గరివారే రాశారు. ఆ రాతలను దాచిపెట్టడం వల్ల పునీతుడికి ఏ మేలూ జరగదు. కానీ ఆ స్వభావ దోషాలు ఎంతవరకు పుట్టుకతో వచ్చాయి, ఏళ్ళ తరబడి ఒంటరిగా ఉండటం వల్ల ఎంతవరకు ముదిరాయి అన్న ప్రశ్నను కూడా వదిలేయకూడదు. నాకు రెండోదే ఎక్కువ అనిపిస్తుంది.

ఆయన కీర్తి పెరిగేకొద్దీ ఈ గాయం లోతయింది. ఐరోపా పత్రికల్లో ఆయన పేరు వ్యాపించి, లండన్‌లోని ఆంగ్లికన్ గురువు హ్యూ చాప్మన్ వంటివారు విరాళాలు పోగుచేసి పంపినప్పుడు, ఆ ధనమూ ఆ పేరూ సభకు దక్కాలా, కలవావోకు దక్కాలా అని పెద్దలకూ ఆయనకూ మధ్య ఉద్రిక్తత ఏర్పడింది. సభ ప్రాంతీయాధిపతి లెయొనోర్ ఫూనెల్ ఆయనను గర్విష్ఠిగా అనుమానించాడు. సాటి గురువు ఒకరిని పంపమని దామియన్ మళ్ళీ మళ్ళీ అడిగాడు; జవాబులు ఆలస్యంగానూ కటువుగానూ వచ్చాయి.

వ్యాధి, చివరి సంవత్సరాలు

1884 డిసెంబరులో ఒక సాయంత్రం వేడినీళ్ళలో పాదం పెట్టినప్పుడు చర్మం కాలినా నొప్పి తెలియలేదు. స్పర్శ పోయిందంటే అర్థమేమిటో ఆ ఊళ్ళో అందరికీ తెలుసు. 1885లో వైద్యుడు ఎడ్వర్డ్ ఆర్నింగ్ దాన్ని నిర్ధారించాడు. ఆ తరువాత హొనొలులు వచ్చి సాటి గురువులను కలవాలనుకున్నప్పుడు, వస్తే ఒక గదికే పరిమితమై ఉండాలనీ, ఆయన వాడిన పూజాపాత్రతోనూ పూజావస్త్రాలతోనూ తాము దివ్యబలి సమర్పించలేమనీ పెద్దల నుంచి జాబు వచ్చింది. వారి భయాన్ని నేను చులకన చేయను. ఆనాటి అజ్ఞానంలో అది ఊహించదగినదే. అయినా ఆ మాటను చెప్పిన తీరులో సోదరత్వం లేదు. ఆ మాట తనను ఎంతగా నొప్పించిందో దామియన్ దాచుకోలేదు. 1886 జులైలో హొనొలులులోని కకాకో చికిత్సాలయానికి వెళ్ళి, గోతో మసనావో అనే జపాను వైద్యుడి స్నాన చికిత్సను తెలుసుకుని, దాన్ని కలవావోలో అమలు చేయడానికి పూనుకున్నాడు.

అదే నెల చివర జోసెఫ్ డట్టన్ అనే అమెరికన్ గృహస్థుడు తనంతట తాను వచ్చి చేరాడు. 1888లో లూయి లాంబెర్ కాన్రార్డీ గురువు వచ్చారు. ఆ ఏడాది నవంబరు 14న మదర్ మరియాన్నె కోప్ ఇద్దరు ఫ్రాన్సిస్కన్ మఠకన్యలతో మొలొకైలో దిగింది. పదిహేనేళ్ళుగా అడుగుతున్న సహాయం ఆయుష్షు చివరి నెలల్లో అందింది. 1889 మార్చి 30న వెండెలిన్ గురువు దగ్గర దామియన్ పాపసంకీర్తనం చేసి, సన్యాస వ్రతాల మాటపట్టును నూతనపరచుకున్నాడు. ఈసారి మధ్యలో సముద్రం లేదు. ఏప్రిల్ 15న, పవిత్ర వారం సోమవారం నాడు మరణించాడు. తొలి రాత్రులు గడిపిన చెట్టు కిందే పాతిపెట్టారు. 1936లో ఆయన భౌతికదేహాన్ని లువెన్‌కు తరలించారు. 1995లో ధన్యునిగా ప్రకటించిన తరువాత, కుడిచేతి అవశేషం మాత్రం కలవావోకు తిరిగి వచ్చింది. 2009 అక్టోబరు 11న పదహారవ బెనెడిక్ట్ పోపు గారు పునీత పట్టం ఇచ్చారు.

మరణానంతరం హొనొలులులోని ఒక ప్రొటెస్టెంట్ పాదిరి, కుష్ఠు లైంగిక వ్యాధి తాలూకు దశ అన్న నాటి వైద్యుల అపోహను ఆధారం చేసుకుని ఆయన శీలం మీద మాట వేశాడు. తాను కూడా ప్రొటెస్టెంటు కుటుంబంలోనే పెరిగిన రచయిత రాబర్ట్ లూయి స్టీవెన్సన్, అదే ద్వీపకల్పంలోని రోగుల ఊరు కలౌపాపను స్వయంగా చూసి వచ్చి, 1890లో బహిరంగ లేఖతో దాన్ని ఖండించాడు. ఆ లేఖ దామియన్ మొరటుదనాన్నీ మొండితనాన్నీ ఒప్పుకుంటూనే ఆయన పక్షాన నిలబడింది. నాకు ఆ పద్ధతి నచ్చుతుంది.

శిక్షణలో ఈ కేసును ఎలా వాడుతున్నాను

విద్యార్థులు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటి ఉంది: జాగ్రత్త తీసుకోవడం విశ్వాసలోపమా? దామియన్ ఒక్కడినే చూపిస్తే కొందరు అవునని తేల్చేస్తారు, అంటువ్యాధి ఉన్న వార్డులో మాస్కు తీసేయడాన్ని భక్తిగా భావించే ప్రమాదంలో పడతారు. అందుకే నేను మదర్ మరియాన్నె జీవితాన్ని దీని పక్కనే పెడతాను. ఆమె అదే రోగుల పుండ్లు కడిగింది, అదే ద్వీపకల్పంలో 1918లో మరణించేవరకు ముప్ఫై ఏళ్ళు బతికింది. ఆసుపత్రి నిర్వహణ తెలిసిన మనిషి కనుక చేతులు కడుక్కోవడం, శుభ్రత విషయాల్లో తన మఠకన్యలకు కఠినమైన నియమాలు పెట్టింది. వారిలో ఎవరికీ కుష్ఠు సోకలేదు. మనుషుల్లో అత్యధికులకు ఈ వ్యాధి పట్ల సహజ నిరోధకత ఉంటుందని మనకు ఇప్పుడు తెలుసు కనుక ఆ ఫలితాన్ని పూర్తిగా నియమాలకే కట్టబెట్టలేం. అయినా స్పర్శకూ జాగ్రత్తకూ వైరం లేదని ఆమె ముప్ఫై ఏళ్ళు చూపించింది. 2012లో ఆమెకూ పునీత పట్టం లభించింది.

రెండో విషయం పంపించేవారికి సంబంధించినది. రోగుల మధ్యకు ఒక గురువును నియమించే ముందు, ఆయన పాపసంకీర్తనం ఎవరు వింటారో, నెలకు ఎన్నిసార్లు మరో గురువు ఆయన బల్ల దగ్గర కూర్చుని భోజనం చేస్తారో, ఆయన జాబుకు ఎన్నాళ్ళలో జవాబు వెళ్తుందో పేర్లతో సహా కాగితం మీద ఉండాలని నేను కోరతాను. ఆ కాగితం నియామకపత్రంతో పాటే సిద్ధం కావాలి. గురువు వెళ్ళి కుదురుకున్నాక చూద్దాం అంటే కుదరదు. స్వచ్ఛందంగా ముందుకొచ్చిన వ్యక్తి ‘నాకేమీ అవసరం లేదు’ అన్నా సరే, దాన్ని రాసి చేతికి ఇవ్వాలి. వైలుకులో నలుగురు ముందుకు వచ్చినప్పుడు వంతుల ఏర్పాటు చేతిలోనే ఉంది; దాన్ని నిలబెట్టడానికి ఎవరూ బాధ్యత తీసుకోలేదు.